పాత శాంప్లరు కొనుగోలు – ఒక గుమాస్తా పరిశీలన

ఒక వస్తువును కొనుట వేరు. ఒక హక్కును కొనుట వేరు. ఇల్లు, పొలము కొనువారికి ఈ భేదము తెలియును. పుస్తకమో పాత్రయో కొనువారికి దానిని తెలిసికొనవలసిన అవసరమే రాదు. మా యౌవనమున చెన్నపట్టణమునందు మూర్ మార్కెట్టు ఉండెడిది. 1985లో అగ్నికి ఆహుతియగువరకు అది పాత పుస్తకములకు పేరుపడిన సంత. అక్కడ బేరమాడి కొన్న పుస్తకము మొదటి పుటలో ఎవరి పేరు వ్రాసియున్నను మాకు చింత లేదు. డబ్బు చేతులు మారెను, పుస్తకము చేతులు మారెను, వ్యవహారము ముగిసెను. స్థిరాస్తి సంగతి అట్లు కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము నూరు రూపాయలు గాని, అంతకు మించి గాని వెలగల స్థిరాస్తిని విక్రయించుటకు రిజిస్టరైన దస్తావేజు ఉండితీరవలెను. తాళపుచెవి జేబులో నున్నంతమాత్రమున ఇల్లు మనది కాదు.

నేను ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు ముగించి, రిజిస్ట్రేషను కచేరీలో గుమాస్తాగా చేరి, పదవీ విరమణ వరకు ఇతరుల దస్తావేజులు చదువుటలోనే కాలము గడిపినవాడను. సంగీతమును విని ఆనందించుటయే గాని అందు నాకు పాండిత్యము లేదు. కంప్యూటరు విద్య అంతకన్నను లేదు. అయినను 2019లో మా మేనల్లుడు శాంప్లరు సాఫ్ట్‌వేరు పాత వెర్షను నొకదానిని సెకండ్ హ్యాండులో కొనదలచి నన్ను సలహా యడిగినప్పుడు, అది నేను జీవితమంతయు చూచిన వ్యవహారమే యని తోచినది. మన కుటుంబములలో కీబోర్డు వాయించు పిల్లలు నేడు పెక్కుమంది కలరు. క్రొత్త సరుకు వెలలు వారికి అందుబాటులో నుండవు. కావున నేను చూచినదానిని వారి తల్లిదండ్రులకొరకు ఇచట వ్రాయుచున్నాను.

శాంప్లరనగా నేమో తెలియని పెద్దలకు ముందుగా నాలుగు మాటలు చెప్పవలెను. హార్మోనియమునందలి ఒక్కొక్క మెట్టును నొక్కి, ఆ స్వరమును విడిగా రికార్డు చేసి, కంప్యూటరు సాయముతో కీబోర్డుమీది ఆయా మెట్లకు చేర్చినచో, కీబోర్డు వాయించినప్పుడు ఆ హార్మోనియమే పలుకును. యంత్రము హార్మోనియమును అనుకరించుట కాదిది. ఆ పెట్టెయే, ఆ తిత్తియే మరల వినబడుట. 1979లో ఆస్ట్రేలియాలో పుట్టిన ఫెయిర్‌లైట్, 1981లో అమెరికాలో వెలువడిన ఎమ్యులేటరు, 1988లో జపానునుండి వచ్చిన అకాయ్ ఎస్ 1000 మొదలగునవి ఈ పనికై ప్రత్యేకముగా చేసిన యంత్రములు. గొప్ప స్టూడియోలవారే వానిని కొనగలిగిరి.

తరువాత ఆ విద్య ఇంటి కంప్యూటరులోనికి దిగెను. అందుకు అడ్డముగా నున్నది స్థలము. ఒక చిన్న లెక్క చూడుడు. మూడు స్థాయిల హార్మోనియమునకు 37 మెట్లు. ఒక్కొక్క మెట్టును మెల్లగా ఒకసారి, బిగ్గరగా ఒకసారి, పదేసి సెకండ్లు రికార్డు చేసినచో 74 ధ్వనిఖండములగును. కాంపాక్టు డిస్కు ప్రమాణమున సెకండుకు 1,76,400 బైట్లు. మొత్తము సుమారు 13 కోట్ల బైట్లు. 1990ల చివర ఇంటి కంప్యూటరు జ్ఞాపకశక్తి సాధారణముగా ఇందులో సగము కూడ లేదు. 1998లో నెమెసిస్ అను అమెరికా సంస్థ గీగాశాంప్లరు అను సాఫ్ట్‌వేరును వెలువరించి ఈ చిక్కును విడదీసెను. ప్రతి ధ్వని మొదటి భాగమును మాత్రమే జ్ఞాపకమునందుంచి, తక్కినదానిని హార్డు డిస్కునుండి అప్పటికప్పుడు చదువుకొనుట దాని పద్ధతి. మా కచేరీ భాషలో చెప్పవలెనన్నచో, ప్రతి ఫైలు మొదటి పుటను బల్లమీద నుంచుకొని, అడిగినవారికి అది చూపుచుండగనే తక్కిన పుటలను రికార్డు గదినుండి తెప్పించుటవంటిది.

ఈ సాఫ్ట్‌వేరుల ఆయుర్దాయము మాత్రము మనుష్యుల ఆయుర్దాయమువంటిది కాదు. నెమెసిస్‌ను 2001లో టాస్కామ్ సంస్థ కొనెను. 2008లో గీగాస్టూడియో నిలిచిపోయెను. జర్మనీలో ఈమాజిక్ అను సంస్థ 2000లో ఈ.ఎక్స్.ఎస్. 24 అను శాంప్లరును తెచ్చెను. 2002లో ఆపిల్ ఆ సంస్థను కొనగా, విండోస్ వాడువారికి అది దూరమయ్యెను. బెర్లిను నగరపు నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి కాంటాక్ట్ మొదటి వెర్షను 2002లోను, అయిదవది 2011లోను, ఆరవది 2018లోను వెలువడెను. అయిదవ వెర్షను ఏడు సంవత్సరములు చలామణిలో నున్నందున సెకండ్ హ్యాండు సంతలో అదియే విరివిగా కనబడెడిది.

ఇక మాకు అది ఎందుకు కావలసివచ్చెనో చెప్పెదను. మా బావగారు సైదాపేటలో కాపురముండిరి. వృత్తికి అచ్చుకూటములో కంపోజిటరు. ధనుర్మాసమున మా తెలుగు కుటుంబముల భజనలో హార్మోనియము ఆయనదే. మా పిల్లలందరును తమిళమునందో, ఇంగ్లీషునందో చదివినవారు. తెలుగు అక్షరములు వచ్చినవారు తక్కువ. రామదాసు కీర్తనలను, త్యాగరాజస్వామివారి దివ్యనామ కీర్తనలను వారు పుస్తకములు చూచి నేర్చుకొనలేదు. ఆ పెట్టె ముందు కూర్చుండి, బావగారి వ్రేళ్లను చూచుచు నోటితో నేర్చుకొనిరి. ఉచ్చారణ తప్పినచో ఆయన పాట ఆపెడివారు కారు. తిత్తిని ఒక్కక్షణము బిగపట్టెడివారు. స్వరము ఆగును, పిల్లవాడు దిద్దుకొనును, మరల స్వరము సాగును. మా వీధిలో తెలుగు బడి అనదగినది ఆ హార్మోనియమే.

2005లో కోడంబాకమునందు చిన్న రికార్డింగు గది నడపుచుండిన కుటుంబ మిత్రుడొకరు ముచ్చటపడి, ఆ హార్మోనియమును మెట్టు మెట్టుకు రికార్డు చేసి, గీగాస్టూడియోలో వాద్యముగా కూర్చి, రెండు సి.డి.లు చేసియిచ్చెను. ఒకటి బావగారి ఇంటను, రెండవది నా దస్తావేజుల పెట్టెలోను ఉండెను. 2011లో బావగారు స్వర్గస్థులైరి. 2015 డిసెంబరులో అడయారు పొంగి సైదాపేట ఇండ్లలోనికి వచ్చినప్పుడు హార్మోనియము రెండు దినములు నీటిలో నానెను. చెక్క ఉబ్బి విచ్చిపోయెను, తిత్తి కుళ్లెను, రేకులు త్రుప్పు పట్టెను. వారి ఇంటి సి.డి. కూడ బురద పాలయ్యెను. మిగిలినది నా పెట్టెలోని ప్రతి. దానిలో ధ్వని యున్నది గాని, దానిని తెరచు సాఫ్ట్‌వేరు మాలో ఎవరి కంప్యూటరులోను లేదు.

మా మేనల్లుడు పెండ్లి కచేరీలలో కీబోర్డు వాయించువాడు. కాంటాక్ట్ పూర్తి వెర్షను అతని వృత్తికిని కావలసియుండెను. అతడు వాడదలచిన వీణ, నాదస్వరముల ధ్వని సంపుటములు ఉచితముగా లభించు ప్లేయరులో 15 నిమిషములు పలికి ఆగిపోవును. పైగా అయిదవ వెర్షను గీగా ఫైళ్లను చదువగలదు. రిచ్చీ వీధిలో కొన్న అతని పాత విండోస్ 7 కంప్యూటరులో అది నడచును. ఆనాడు ఆరవ వెర్షను వెల 399 డాలర్లు, అనగా సుమారు 28,000 రూపాయలు. అయిదవ వెర్షను పాతది సుమారు 10,500 రూపాయలకు దొరకునట్లు కనబడెను. పాత వెర్షను కలవారు 99 డాలర్లు చెల్లించి క్రొత్తదానికి మారవచ్చును. అది 7,000 రూపాయలనుకొన్నను, రెండును కలిపి 17,500. లెక్క బాగుగనే యున్నది. కాని లెక్క బాగున్న స్థలములకే పత్రములు బాగుండవని నా వృత్తి నాకు నేర్పినది.

మొదట దొరికిన అమ్మకందారు చాల తక్కువ వెల చెప్పెను. మేనల్లుడు ఆతురపడెను.

"మామయ్యా, అయిదువేలకే ఇస్తానంటున్నాడు. సీరియల్ నంబరు ఇప్పుడే పంపిస్తాడట. డబ్బు పంపేదా?"

"నంబరు పంపడం గొప్ప కాదురా. ఆ నంబరు ఎవరి పేరు మీద ఉంది? ఆయనకు అది ఎలా వచ్చింది? మూలపత్రం అడుగు."

విచారింపగా, ఆయన కాంటాక్టును విడిగా కొనలేదు. కాంప్లీట్ అను పెద్ద సంపుటిని కొనియుండెను. అందు కాంటాక్ట్ ఒక భాగము. ఆ సంపుటిని అమ్మదలచినచో మొత్తముగా బదిలీ చేయవలెను గాని, అందులో ఒకదానిని విడదీసి అమ్ముటకు తయారీదారులు ఒప్పుకొనరు. అవిభక్త కుటుంబపు ఇంటిలో ఒక గదిని ఒకడు అమ్మజూపుట వంటిదే ఇది. ఆ నంబరుతో మావాని కంప్యూటరులో సాఫ్ట్‌వేరు కొన్నాళ్లు నడచినను, రిజిస్టరులో అది పరులదే. మేము విరమించుకొంటిమి.

రెండవ అమ్మకందారు అయిదవ వెర్షనునుండి ఆరవదానికి తక్కువ వెల చెల్లించి మారినవాడు. "ఆరోది నాకు ఉంది కదా, అయిదోది ఇక నాకెందుకు, మీరు తీసుకోండి" అనెను. మనిషి మోసగాడు కాడు, అమాయకముగనే చెప్పెను. కాని తగ్గింపు వెలకు ఆధారము ఆ పాత లైసెన్సే. వెనుకటి పట్టాను ఆధారముగా చూపి క్రొత్త పట్టా పుచ్చుకొన్నవాడు, వెనుకటి పట్టాను మరియొకరికి అమ్మలేడు గదా! రెండును కలిపి అమ్మవలెను, లేదా రెండును ఉంచుకొనవలెను.

మూడవవాడు పూనా నగరపు వాద్యకారుడు. వేరొక సంస్థ సాఫ్ట్‌వేరునకు మారుచున్నందున దీనిని వదలుకొనుచుండెను. తన ఖాతా పుటను చిత్రము తీసి పంపెను. విడిగా కొన్నది, పై వెర్షనునకు మార్చనిది, విద్యార్థుల తగ్గింపు వెలకు కొన్నదికాదు, పునర్విక్రయము కూడదను షరతుతో ఇచ్చినదియు కాదు. బదిలీ విధానము సరళముగా నుండెను. అమ్మువాడు సంస్థకు వ్రాసి, బదిలీ నంబరును పొందవలెను. కొనువాడు దానిని తన ఖాతాలో నమోదు చేయవలెను. అంతట లైసెన్సు పేరు మారును. దీనికి రుసుము లేదు. సగము సొమ్ము ముందును, సగము మా ఖాతాలో పేరు కనబడిన తరువాతను చెల్లించునట్లు ఒప్పుకొంటిమి. కొన్ని దినములలో పేరు మారెను. ఆ పుటను నేను కాగితముపై అచ్చువేయించి, సొమ్ము పంపిన రసీదుతో జతపరచి ఫైలులో నుంచితిని. మేనల్లుడు నవ్వెను గాని వద్దనలేదు.

ఆ ఆదివారము అతడు నా సి.డి.ని కంప్యూటరులో పెట్టి గీగా ఫైలును కాంటాక్టులోనికి మార్చెను. మా చెల్లెలు వంటింటిలో కూరలు తరుగుచుండెను. అతడు ఆమెను పిలువలేదు. ఫైలు తెరచుకొనునో లేదో యని సందేహము. ఒక్కొక్క మెట్టును నొక్కి పరీక్షించుచు మధ్యస్థాయి మధ్యమమునకు రాగానే, స్వరమునకు ముందు కిర్రుమని చిన్న చప్పుడు వినబడెను. అది ఆ మెట్టు క్రింది స్ప్రింగు చప్పుడు. బావగారు ఎన్నిమారులు బాగుచేయించినను పోనిది. చెల్లెలు కత్తిపీట ముందునుండి లేచివచ్చి గుమ్మములో నిలిచినది. "మళ్లీ నొక్కు" అన్నది. అతడు నొక్కెను. "ఇది మన పెట్టె" అన్నది. మరేమియు అనలేదు. ఆ సంవత్సరపు ధనుర్మాస భజనలో నాలుగు సంవత్సరముల తరువాత ఆ హార్మోనియము మరల వినబడెను. తిత్తిని బిగపట్టుటకు బావగారు లేరు. ఉచ్చారణ దిద్దుట ఇప్పుడు మా చెల్లెలి పని.

ఈ వ్యవహారము ముగిసిన పిదప, ఇతర దేశములలో దీనిని గూర్చి న్యాయస్థానములు ఏమనినవో తెలిసికొన కుతూహలపడితిని. 2012 జూలై 3వ తేదీన ఐరోపా న్యాయస్థానము యూజ్‌డ్‌సాఫ్ట్, ఒరాకిల్ సంస్థల వ్యాజ్యములో తీర్పు చెప్పినది. కాలపరిమితి లేకుండ, వెల పుచ్చుకొని ఇచ్చిన సాఫ్ట్‌వేరును, అది ఇంటర్నెట్టు ద్వారా దించుకొన్నదైనను, కొన్నవాడు తిరిగి అమ్ముకొనవచ్చును. అయితే అమ్మిన పిదప తన ప్రతిని వాడరాదు. పలువురికై ఇచ్చిన లైసెన్సును ముక్కలు చేసి అమ్మరాదు. అమెరికాలో 2010లో వెర్నర్, ఆటోడెస్క్ వ్యాజ్యమునందు తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానము వేరువిధముగా చెప్పినది. షరతులతో లైసెన్సు పుచ్చుకొన్నవాడు యజమాని కాడనియు, పునర్విక్రయపు హక్కు అతనికి లేదనియు దాని భావము. ఒకే డిస్కు ఒక ఖండమున సరుకు, మరియొక ఖండమున కేవలము అనుమతి! కాబట్టి కొనువాడు చట్టమునకన్న ముందు ఆ సంస్థ బదిలీ నిబంధనను చదువుట మేలు. సాఫ్ట్‌వేరు బదిలీకి ఒప్పుకొనువారు కూడ ధ్వని సంపుటముల బదిలీకి ఒప్పుకొనకపోవచ్చును. రెండింటిని వేర్వేరుగా విచారింపవలెను.

పత్రములు సరిగా నున్నను, ఇల్లు నిలిచియున్నదా యని కూడ చూడవలెను. పాత వెర్షనునకు పాత యంత్రము కావలెను. 2019 అక్టోబరులో ఆపిల్ వారు వెలువరించిన కాటలీనాలో 32 బిట్ల సాఫ్ట్‌వేరులన్నియు నిలిచిపోయెను. ఎన్నో పాత శాంప్లర్లు ఆ కోవకు చెందినవే. హాంబర్గులోని స్టైన్‌బెర్గు వారి హేలియన్ శాంప్లరు పాత వెర్షనులలో లైసెన్సు ఒక చిన్న డాంగిల్‌లో నుండెడిది. ఆ డాంగిల్ వ్యవస్థను నడపు సేవ 2025 మే 20వ తేదీన ముగిసినది. అప్పటికే డాంగిల్‌లో నున్న లైసెన్సు, ఆ డాంగిల్ చెడనంతవరకు పనిచేయును. చెడినచో మారుప్రతి ఇచ్చు కచేరీ ఇక లేదు. అట్టిదానిని నేడు అమ్మజూపువారున్నచో, కొనువాడు ఈ సంగతి ఎరిగియే వెల కట్టవలెను. మరియొకటి: క్రొత్త వెర్షనులో భద్రపరచిన వాద్యమును పాత వెర్షను తెరువదు. స్నేహితులతో ఫైళ్లు పంచుకొను పిల్లలు పాతది కొనునప్పుడు దీనిని మరువరాదు.

కావున పాత శాంప్లరు కొనదలచినవారు అడుగవలసిన ప్రశ్నలు అయిదు. లైసెన్సు ఎవరి పేర నున్నది? అది విడిగా కొన్నదా, సంపుటిలో భాగమా? దాని ఆధారముగా పై వెర్షను తీసికొనిరా? బదిలీకి సంస్థ నేటికిని ఒప్పుకొనుచున్నదా, దానిని నమోదుచేయు సేవ నేటికిని నడచుచున్నదా? మన కంప్యూటరులో అది నడచునా? వీనికి లిఖితముగా జవాబు వచ్చినపిదపనే సొమ్ము పంపవలెను. తక్కువ వెల చూచి ఈ ప్రశ్నలు మానుకొనుట తగదు. తక్కువ వెల యున్నచోటనే ఇవి మరింత అవసరము.

ఇంతకన్న ముఖ్యమైన సంగతి యొకటి కలదు. మా బావగారి హార్మోనియము ధ్వని మాదే. అందులో పరుల సొత్తు ఏదియు లేదు. అయినను పదునాలుగు సంవత్సరములు అది పరుల తాళము వెనుక నుండెను. తాళము చేసిన సంస్థ ఆ పని మానివేసెను. ఈ కారణమున మేనల్లునిచేత ఆ 74 ధ్వనిఖండములను విడివిడిగా వేవ్ ఫైళ్లుగా వ్రాయించి, ఒక్కొక్కదానికి స్వరము పేరు పెట్టించి, మూడు ఇండ్లలో మూడు ప్రతులు ఉంచితిని. వేవ్ రూపము 1991నుండి వాడుకలో నున్నది. దానిని వినుటకు ఏ ఒక్క సంస్థ లైసెన్సును అక్కరలేదు. కేవలము గీగా ఫైలును తెరచుటయే పని యైనవారు శాంప్లరు కొనవలసిన పనియు లేదు. లైనక్స్‌శాంప్లర్ వారి గిగ్‌ఎడిట్ అను ఉచిత సాఫ్ట్‌వేరు ఆ పని చేయును.

పరభాషా ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో భాష పుస్తకములకన్న గొంతులలోనే ఎక్కువగా నిలిచినది. తాతగారి తంబుర, మేనత్త మంగళహారతి, పెండ్లిలో అవ్వలు పాడిన అప్పగింతల పాట ఎవరో ఒకరి ఇంట పాత క్యాసెట్టులోనో, సి.డి.లోనో, తెరచుకొనని ఫైలులోనో ఉండియే యుండును. ఈ సంచికను చదువుచున్నవారు ఈ నెలలోనే తమ పెట్టెలు తీసి చూడవలెనని నా మనవి. తెరచుటకు పాత సాఫ్ట్‌వేరు కావలసినచో పత్రములు చూచి కొనుడు. తెరచిన దినముననే ధ్వనిని తాళము లేని రూపమునకు మార్చి, పేర్లు వ్రాసి, బంధువులకు ప్రతులు పంపుడు. మన సంఘమునందు అట్టి ప్రతులను భద్రపరచుటకు ఒక అలమారయు, వానిని నమోదుచేయుటకు ఒక రిజిస్టరును ఏర్పరచినచో, ఆ రిజిస్టరు వ్రాయు పనిని ఈ గుమాస్తా సంతోషముతో స్వీకరించును.